వెటర్నరీ క్లినికల్ పాథాలజీలో రెసిడెన్సీ, పీహెచ్‌డీ కలిపి చేయాలంటే

కుక్క తోక ఊపుకుంటూ నడిచి వచ్చింది. ల్యాబ్ రిపోర్టులో మాత్రం పొటాషియం 14, కాల్షియం 4 అని ఉంది. ఆ అంకెలు నిజమే అయితే దాని గుండె ఎప్పుడో ఆగిపోయి ఉండాలి. జరిగింది ఇది: రక్తం తీసినవాళ్లు ముందు ఊదారంగు మూత ట్యూబు నింపారు, ఎర్రమూత ట్యూబులో రక్తం చాలలేదని అందులోంచి కొంచెం ఇందులోకి వంచేశారు. ఊదారంగు మూత ట్యూబులో ఉండేది రక్తం గడ్డకట్టకుండా ఆపే పొటాషియం ఈడీటీఏ. అది పొటాషియాన్ని పెంచేసింది, కాల్షియాన్ని పట్టేసుకుంది. ఏఎల్‌పీ ఎంజైము పనిచేయడానికి కావలసిన జింకు, మెగ్నీషియం కూడా లాగేసుకుంది కాబట్టి ఆ విలువ కూడా పడిపోయింది. ఈ మూడూ ఒకే రిపోర్టులో కనబడగానే ‘ఇంజెక్షన్ చేయకండి, రక్తం మళ్లీ తీసి పంపండి’ అని వార్డుకు ఫోన్ చేసే మనిషే క్లినికల్ పాథాలజిస్టు.

ఆ ఫోన్ ఎప్పుడు చేయాలో నేర్పేది రెసిడెన్సీ, అంటే డిగ్రీ తర్వాత నిపుణుల దగ్గర పనిచేస్తూ పొందే శిక్షణ. మామూలుగా అందరూ దాటిపోయే ఒక వింత దగ్గర ఆగి, అది ఎందుకలా జరుగుతోందని ఏళ్ల తరబడి వెంటపడటం నేర్పేది పీహెచ్‌డీ. అమెరికాలో కొన్ని పశువైద్య కళాశాలలు ఈ రెండింటినీ కలిపి ఒకే ప్రోగ్రాముగా ఇస్తాయి. తిరుపతి, రాజేంద్రనగర్, గన్నవరం, కోరుట్ల కాలేజీల్లో చదివిన పిల్లలు దీని గురించి నన్ను తరచూ అడుగుతుంటారు. నేనూ ఆ దారిలోనే వచ్చాను. అందుకే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది వరసగా రాస్తున్నాను.

ముందు ఇది మీకు కావాలో లేదో తేల్చుకోండి

రెసిడెన్సీ ఒక్కటే అయితే సాధారణంగా మూడేళ్లు. పీహెచ్‌డీ కలిస్తే అయిదు నుంచి ఆరేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రోజంతా డయాగ్నస్టిక్ ల్యాబులో స్లైడ్లు చూసి రిపోర్టులు ఇవ్వడమే మీ ఇష్టమైతే రెసిడెన్సీ చాలు. అదనంగా మూడేళ్లు పెట్టకండి. ఈ మాట చాలామంది ప్రొఫెసర్లు చెప్పరు, నేను చెబుతున్నాను. యూనివర్సిటీలో పాఠం చెబుతూ సొంత ల్యాబు నడపాలనుకునేవాళ్లకు, మందుల కంపెనీల పరిశోధన విభాగాల్లో పనిచేయాలనుకునేవాళ్లకు రెండూ కలిపి చేయడం నిజంగా పనికొస్తుంది.

మన దగ్గర పద్ధతి వేరు కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన కాలేజీల్లో పాథాలజీ అంటే ఒకే విభాగం. పోస్టుమార్టం, హిస్టోపాథాలజీ, రక్తపరీక్షలు అన్నీ అందులోనే. ఎంవీఎస్సీ చేసినవాళ్లు కూడా ఎక్కువగా టిష్యూ వైపే వెళ్తారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ పాథాలజిస్ట్స్ అనే బోర్డు మాత్రం అనాటమిక్ పాథాలజీకి, క్లినికల్ పాథాలజీకి వేర్వేరుగా సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ బోర్డు 1949లో మొదలైంది. అనాటమిక్ వైపు కావాలనుకుంటూ క్లినికల్‌కు అప్లై చేస్తే ఇంటర్వ్యూలోనే తెలిసిపోతుంది. క్లినికల్ పాథాలజీ అంటే రక్తం, ఎముక మూలుగ, సూదితో తీసిన కణాలు, ఛాతీలో పొట్టలో చేరిన నీరు, మూత్రం, సీరంలోని రసాయనాలు. ఆ జంతువు ఇంకా బతికే ఉంటుంది, మీ రిపోర్టు కోసం డాక్టరు ఎదురుచూస్తుంటాడు. ఆ తొందర మీకు నచ్చాలి.

కన్ను తయారు చేసుకోవడం ఇక్కడే మొదలుపెట్టండి

అమెరికా వెళ్లాక నేర్చుకుందాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది. ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే, దీనికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. ఒక మైక్రోస్కోపు, స్లైడ్లు, స్టెయిన్, ఓపిక ఉంటే చాలు. వీఏఎస్ (ప్రభుత్వ పశువైద్యుడి) ఉద్యోగంలో ఉన్నవాళ్ల డిస్పెన్సరీలో కూడా బీరువాలో గుడ్డ కప్పిన మైక్రోస్కోపు ఒకటి ఉండే అవకాశం ఉంది. దాన్ని బయటికి తీయండి.

మొదటి వంద స్మియర్లు (స్లైడు మీద పలచగా పరిచిన రక్తపు పొరలు) రోగం కోసం చూడకండి, స్మియరు కోసం చూడండి. చుక్క చిన్నదిగా పెట్టండి. రెండో స్లైడును సుమారు 30 డిగ్రీల కోణంలో పట్టుకుని, చుక్క అంచు వెంట పాకనిచ్చి, ఆగకుండా ఒక్క లాగున ముందుకు తోయండి. చివర నాలుకలా గుండ్రంగా పలచబడాలి. ఆ కొసనే ఫెదర్డ్ ఎడ్జ్ అంటాం. ప్లేట్‌లెట్ల గుంపులు, పెద్ద కణాలు, మైక్రోఫైలేరియా అక్కడికే కొట్టుకుపోతాయి. దానికి కొంచెం వెనక కణాలు ఒకదాని పక్కన ఒకటి విడివిడిగా పరుచుకున్న చోటు మోనోలేయరు. కణాల ఆకారం చదవాల్సింది అక్కడే. మరీ పలచని కొస దగ్గర చూసి ‘స్ఫిరోసైట్లు (గోళంలా మారిన ఎర్రకణాలు) ఉన్నాయి’ అని రాసే తప్పు నేను చాలామందిలో చూశాను.

వానాకాలంలో మన గాలిలో తేమ ఎక్కువ. స్మియరు నెమ్మదిగా ఆరితే ఎర్రకణాల్లో మెరిసే చుక్కలు, గుంటలు పడతాయి, వాటిని పరాన్నజీవి అనుకోవడం చాలా తేలిక. హెయిర్ డ్రయ్యరు దగ్గర పెట్టుకుని వెంటనే ఆరబెట్టండి. ఫోకస్ పైకీ కిందికీ తిప్పినప్పుడు ఆ చుక్క మెరిస్తే అది తేమ గుర్తు, పరాన్నజీవి కాదు. ఇంకో సంగతి, ఆరబెట్టిన స్లైడ్లను ఫార్మలిన్ సీసా పక్కన ఎప్పుడూ ఉంచకండి. ఆవిరి తగిలినా కణాలు స్టెయిన్ సరిగా పట్టవు, అంతా నీలి పచ్చగా తేలుతుంది. పోస్టుమార్టం గదిలోనే సైటాలజీ స్లైడ్లు పెట్టే అలవాటు మన దగ్గర ఉంది కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

తర్వాత మీ చోట దొరికే రోగాలను వదలకండి. సంకరజాతి ఆవుల్లో థైలీరియా, కాఫీరంగు మూత్రంతో వచ్చే బెబీసియా, ఎర్రకణం అంచున చుక్కలా కూర్చునే అనాప్లాస్మా, గేదెల్లో సర్రా తెచ్చే ట్రిపనోసోమా, కుక్కల్లో ఎర్లిషియా, హెపటోజూన్. వీటిలో కొన్నింటిని అమెరికన్ రెసిడెంటు బోధన స్లైడులో తప్ప చూసి ఉండరు. మీరు వారానికి నాలుగు చూస్తారు. మోనోసైటు సైటోప్లాజంలో మల్బరీ పండులా గుత్తిగా కనబడే ఎర్లిషియా మోరులాను సొంతంగా వెతికి పట్టుకున్న అనుభవం మీ అప్లికేషన్‌లో మార్కుల కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి కేసుకూ జంతువు జాతి, వయసు, లక్షణాలు, సీబీసీ (రక్తకణాల లెక్క) అంకెలు, స్మియరులో కనబడినదాని వర్ణన, మీ అభిప్రాయం, చివరకు తేలిన రోగం రాయండి. వర్ణన ముందు, రోగం పేరు తర్వాత. ‘థైలీరియా పాజిటివ్’ అనకుండా ‘ఎర్రకణాల్లో ఉంగరం, కామా ఆకారపు పరాన్నజీవులు; లింఫ్ గ్రంథి సూది నమూనాలో లింఫోసైట్ల లోపల షైజాంట్లు’ అని రాయండి. బోర్డు పరీక్ష నుంచి రోజువారీ రిపోర్టు దాకా అన్నీ ఈ వర్ణన మీదే నడుస్తాయి. ఐపీస్ మీద ఫోన్ కెమెరా ఆనించి ఫొటో తీసుకోండి. రైతు పేరు, ఫోన్ నంబరు నోట్‌బుక్కులోకి రానివ్వకండి. కార్నెల్ విశ్వవిద్యాలయం క్లినికల్ పాథాలజీ పాఠాలను బొమ్మలతో సహా ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టింది, రోజూ ఒక అంశం చదవండి. ఆరు నెలలు ఇలా చేశాక మీకిది ఇంకా ఇష్టంగా ఉంటే ముందుకు వెళ్లండి. విసుగొస్తే ఇక్కడే ఆగిపోవడం మంచిది, నష్టమేమీ లేదు.

కాగితాలు

అయిదున్నరేళ్ల బీవీఎస్సీ అండ్ ఏహెచ్ డిగ్రీ ఈ ప్రోగ్రాములకు మూల అర్హతగా చాలా చోట్ల చెల్లుతుంది. ఎంవీఎస్సీ తప్పనిసరి కాదు గానీ, ఉంటే పరిశోధన చేసిన అనుభవం ఉందని చూపించుకోవచ్చు. ఒరిజినల్ డిగ్రీ కాన్వొకేషన్ దాకా చేతికి రాదు కాబట్టి ప్రొవిజనల్, ట్రాన్‌స్క్రిప్టులు, స్టేట్ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ముందే తీసి పెట్టుకోండి. ట్రాన్‌స్క్రిప్టు సీల్డ్ కవరులో కావాలంటే యూనివర్సిటీ ఆఫీసు చుట్టూ నాలుగైదుసార్లు తిరగాలి, ఆ వారాలు లెక్కలో వేసుకోండి. టోఫెల్ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ ఉండాలి. జీఆర్ఈని చాలా చోట్ల తీసేశారు, అయినా గ్రాడ్యుయేట్ స్కూల్ పేజీ చూసి ఖాయం చేసుకోండి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే స్టడీ లీవు, ఎన్ఓసీ విషయం ఆఫర్ వచ్చాక కాదు, అప్లై చేసే ముందే కదపండి.

లైసెన్సు గురించి అందరికీ టెన్షనే. భారతీయ పశువైద్య కళాశాలలు అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ గుర్తింపు జాబితాలో లేవు. అక్కడ ప్రాక్టీసు చేయాలంటే మనవాళ్లు విదేశీ డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమని తేల్చే ఈసీఎఫ్‌వీజీ గానీ పేవ్ గానీ పూర్తి చేసి, 360 ప్రశ్నల నావ్లీ అనే లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. ఈసీఎఫ్‌వీజీలో నాలుగు మెట్లు ఉన్నాయి: డిగ్రీ రుజువు, ఇంగ్లిష్, 225 ప్రశ్నల బీసీఎస్ఈ, చివరగా చేతితో చేసి చూపించే మూడు రోజుల సీపీఈ. క్లినికల్ పాథాలజీ రెసిడెంటు జంతువుకు నేరుగా చికిత్స చేయడు కాబట్టి చాలా ప్రోగ్రాములు ఈ లైసెన్సు అడగవు, కొన్ని అడుగుతాయి. ప్రకటనలో స్పష్టంగా లేకపోతే మెయిల్ పెట్టి అడగండి. నా సలహా ఏమిటంటే, చదివింది ఇంకా గుర్తుండగానే బీసీఎస్ఈ రాసేయండి. సర్జరీ, అనస్తీషియా, పెద్ద పశువుల వైద్యం అన్నీ అందులో వస్తాయి. అయిదేళ్లు ల్యాబులో కూర్చున్నాక అవి మళ్లీ తిరగేయడం చాలా కష్టం.

ప్రోగ్రాము వెతకడం, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కనుక్కోవడం

కొలరాడో స్టేట్, ఒహాయో స్టేట్, పర్డ్యూ, నార్త్ కరోలినా స్టేట్ లాంటి విశ్వవిద్యాలయాలు ఇలాంటి శిక్షణ ఇస్తూ వచ్చాయి. అయితే ఒక్కో చోట సీట్లు ఒకటో రెండో, అవీ ప్రతి ఏడూ ఉండవు. అందుకే విశ్వవిద్యాలయం పేరు పట్టుకుని కూర్చోకుండా ఆ ఏటి ప్రకటనలు చూడాలి. పాథాలజిస్టుల బోర్డు, అమెరికన్ సొసైటీ ఫర్ వెటర్నరీ క్లినికల్ పాథాలజీ తమ సైట్లలో ఖాళీలు పెడతాయి. మామూలు రెసిడెన్సీలు కొన్ని వీఐఆర్ఎంపీ అనే మ్యాచింగ్ పద్ధతిలో వస్తాయి, పీహెచ్‌డీ కలిసినవి మాత్రం ఎక్కువగా నేరుగా విభాగానికే అప్లై చేయాలి. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. చేరడం సాధారణంగా జూలై, ఆగస్టుల్లో.

ప్రకటన చదివేటప్పుడు మొదట చూడాల్సింది డబ్బు ఎక్కడిదన్నది. అమెరికాలో పశువైద్యుల పరిశోధన శిక్షణకు పెద్ద దన్ను నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వాళ్ల టీ32 గ్రాంట్లు. అవి అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. ప్రకటనలో టీ32 అని కనబడితే వీసా మీద వెళ్లే మనకు ఆ సీటు కాదు. చాలామంది మన పిల్లలు ఈ సంగతి తెలియక నెలల తరబడి అప్లికేషన్ దిద్దుకుంటూ కూర్చుంటారు. మనకు దారి తెరిచేవి విభాగం సొంత నిధులు, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, గైడు దగ్గరున్న గ్రాంటు, అప్పుడప్పుడు కంపెనీలు ఇచ్చే డబ్బు. ఇండియాలో ఇప్పటికే పీహెచ్‌డీలో చేరినవాళ్లకైతే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. అది ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికా ల్యాబులో పనిచేయడానికే గానీ రెసిడెన్సీకి కాదు.

ఈ ప్రోగ్రాముకు ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవాల్సిన అవసరం రాకూడదు. స్టైపెండ్ ఇస్తారు, ట్యూషన్ మాఫీ చేస్తారు. మీరే ఫీజు కట్టాలన్న షరతు కనబడితే ఒకటికి పదిసార్లు ఆలోచించండి. ఇంట్లోవాళ్లు ‘ఎంఎస్‌కు వెళ్లినోళ్లందరూ లోన్ తీసుకున్నారుగా’ అంటారు. ఇది ఎంఎస్ కాదని, ఇందులో పనిచేస్తూ చదువుతామని వాళ్లకు ముందే వివరంగా చెప్పండి.

రెండోది క్రమం. కొన్ని చోట్ల మొదటి మూడేళ్లు రెసిడెన్సీ, మధ్యలో పీహెచ్‌డీ కోర్సులు, తర్వాత మూడేళ్లు పూర్తిగా పరిశోధన. కొన్ని చోట్ల రెండూ పక్కపక్కనే నడుస్తాయి, ఒక నెల డ్యూటీ, ఒక నెల ల్యాబు. నాకు మొదటి పద్ధతే మంచిదనిపిస్తుంది. కన్ను పదునుగా ఉన్నప్పుడే బోర్డు పరీక్ష అయిపోతుంది, పరిశోధనకు మనసు మొత్తం పెట్టవచ్చు. పక్కపక్కన నడిచే పద్ధతిలో ఎలుకల ప్రయోగం సగంలో ఉండగా డ్యూటీ నెల వచ్చి పడుతుంది. కణాలను ఇంక్యుబేటరులో వదిలేసి స్లైడ్ల ముందు కూర్చోవాల్సి వస్తుంది.

మెయిలు, సిఫారసు ఉత్తరాలు, ఇంటర్వ్యూ

‘మీ ల్యాబులో పనిచేయడానికి ఎంతో ఆసక్తిగా ఉన్నాను’ అని యాభై మందికి ఒకే మెయిల్ పంపితే ఒక్కరూ జవాబు ఇవ్వరు. అయిదుగురినే ఎంచుకోండి. ఒక్కొక్కరివి రెండు పేపర్లు నిజంగా చదవండి. మెయిల్లో మీ కేసు ఒకటి నాలుగు వాక్యాల్లో చెప్పండి: ఏ జంతువు, ఏం చూశారు, ఏం అనుకున్నారు, ఎక్కడ తప్పారు. ఆ కేసు మీలో లేపిన ప్రశ్న వాళ్ల పనితో ఎక్కడ కలుస్తుందో ఒక వాక్యం. అంతే. ఎర్లిషియా కుక్కల్లో ప్లేట్‌లెట్లు ఇరవై వేలకు పడిపోయినా కొన్నింటికి రక్తస్రావం కాదు, కొన్నింటికి ముక్కు నుంచి రక్తం ఆగదు, ఎందుకు? ఇలా అడిగిన పిల్ల మెయిలును ప్లేట్‌లెట్ల మీద పనిచేసే ఏ ప్రొఫెసరూ పక్కన పడేయలేరు.

సిఫారసు ఉత్తరం దగ్గర మనకో పాత అలవాటు ఉంది. ‘నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను’ అంటారు సార్. దాన్ని మర్యాదగా తప్పించుకోండి. ‘సార్, మీ మాటల్లోనే ఉంటే బాగుంటుంది, గుర్తుకు రావడానికి నేను చేసిన పనులు ఒక పేజీలో రాసిస్తాను’ అనండి. నోట్‌బుక్కు ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. మీతో కలిసి స్లైడు చూసిన మనిషి రాసిన మామూలు ఉత్తరం, మిమ్మల్ని తెలియని పెద్ద పదవిలోని మనిషి రాసిన గొప్ప ఉత్తరం కంటే బాగా పనిచేస్తుంది.

ఇంటర్వ్యూ ఎక్కువగా వీడియోలోనే. తెర మీద స్లైడు ఫొటో గానీ సీబీసీ, కెమిస్ట్రీ అంకెల పట్టిక గానీ పెట్టి చదవమనవచ్చు. రోగం పేరు వెంటనే చెప్పేయాలన్న ఆత్రం వద్దు. మన పరీక్షలు మనకు నేర్పింది అదే కాబట్టి ఈ అలవాటు పనిగట్టుకుని మానుకోవాలి. ముందు నమూనా బాగుందో లేదో చెప్పండి. తర్వాత కనబడింది వర్ణించండి. ఆ తర్వాత రెండు మూడు కారణాలు, వాటిని విడదీయడానికి ఏ పరీక్ష అడుగుతారో చెప్పండి. తెలియకపోతే ‘తెలియదు, ఇలా కనుక్కుంటాను’ అనడం అక్కడ తక్కువతనం కాదు. వాళ్లు వెతుకుతున్నది నేర్పితే నేర్చుకునే మనిషిని.

మీరూ ప్రశ్నలు అడగండి, అడగకపోతే ఆసక్తి లేదనుకుంటారు. డ్యూటీ వారాలు ఎన్ని, పరిశోధన వారాలు ఎన్ని? గత అయిదేళ్లలో మీ రెసిడెంట్లు ఎంతమంది బోర్డు పాసయ్యారు, ఎంతమంది పీహెచ్‌డీ పూర్తి చేశారు? రెసిడెన్సీ అయ్యాక స్టైపెండ్ ఎలా ఉంటుంది? గైడు వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లిపోతే నా సంగతి ఏమిటి? హెల్త్ ఇన్సూరెన్సులో కుటుంబం కూడా వస్తుందా? వీలైతే ఇప్పుడు అక్కడున్న రెసిడెంటుతో విడిగా ఒక అరగంట మాట్లాడించమని అడగండి. ఆ అరగంటలో తెలిసేది వెబ్‌సైటు మొత్తం చదివినా తెలియదు.

ఇక్కడ నా అనుభవం చెప్పాలి. నేను చేరేటప్పుడు ‘పరిశోధనకు తగినంత సమయం ఇస్తాం’ అన్నారు. తగినంత అంటే ఎంతో నేను అడగలేదు, కాగితం మీద పెట్టమని అడగడం అమర్యాద అనుకున్నాను. రెండో ఏడు ఒక ఫ్యాకల్టీ మానేశారు, ఆవిడ డ్యూటీ వారాలు మా మీద పడ్డాయి. నా ప్రయోగాలు దాదాపు ఏడాది వెనకపడ్డాయి. ఎవరికీ నా మీద కోపం లేదు, ఎవరూ చెడ్డవాళ్లు కారు, రాసిపెట్టిన అంకె లేదు కాబట్టి అడిగే హక్కు కూడా లేకపోయింది. ఆఫర్ లెటరులో ఏడాదికి ఇన్ని వారాలు పరిశోధనకు అని అంకె రాయించుకోండి. దానికి వాళ్లేమీ అనుకోరు.

వీసా

పీహెచ్‌డీ ఉంది కాబట్టి ఎఫ్-1 మీద వెళ్లడం మామూలు, కొన్ని విశ్వవిద్యాలయాలు జే-1 ఇస్తాయి. ఎఫ్-1 అయితే చదువు అయ్యాక 12 నెలల ఓపీటీ (అక్కడ పనిచేసే అనుమతి), మీ డిగ్రీ స్టెమ్ జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. జే-1లో రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న నిబంధన గురించి జాగ్రత్త. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆ నిబంధన వర్తించే దేశాల జాబితా (స్కిల్స్ లిస్టు) నుంచి భారత్‌ను తీసేసింది కాబట్టి ఆ కారణంగా ఇప్పుడు అది వర్తించదు. ప్రభుత్వ డబ్బుతో, ఉదాహరణకు ఫుల్‌బ్రైట్ మీద వెళ్తే మాత్రం వర్తిస్తుంది. జే-1 కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే డీఎస్-2019 కాగితం మీద ఏముందో చూడకుండా సంతకం పెట్టకండి. బ్యాగులో స్లైడ్లు, సీరం, టిష్యూ ఏవీ పెట్టుకు వెళ్లకండి. జంతువుల నమూనాలకు దిగుమతి అనుమతులు ఉంటాయి. మీ ఫొటోలు చాలు.

చేరాక

మొదటి ఏడాది నిద్ర తక్కువ, స్లైడ్లు ఎక్కువ. పొద్దున వచ్చిన సీబీసీలు, సూది నమూనాలు మీరు ముందు చూసి రిపోర్టు రాస్తారు, తర్వాత రెండు తలల మైక్రోస్కోపు ముందు ఫ్యాకల్టీతో కూర్చుంటారు. మీ వాక్యాలు ఎర్రబడి తిరిగొస్తాయి. దాన్ని అవమానం అనుకోకండి. దిద్దిన పాత రిపోర్టులన్నీ దాచుకుని నెలకోసారి చదవండి, మీరు ఎక్కడ పదేపదే తప్పుతున్నారో అవే చెబుతాయి. యంత్రాల నాణ్యత పరీక్షను టెక్నీషియన్ పని అని వదిలేయకండి. కంట్రోలు నమూనా విలువ సగటు నుంచి మూడు ఎస్‌డీలు (ప్రామాణిక విచలనాలు) దాటితే ఆ బ్యాచ్ ఎందుకు ఆపాలో, రెండు ఎస్‌డీలు వరసగా రెండుసార్లు దాటితే ఏం అర్థమో టెక్నీషియన్ పక్కన నిలబడి నేర్చుకోండి. ఇరవై ఏళ్లుగా ఆ యంత్రం నడుపుతున్న మనిషికి తెలిసినంత ప్రొఫెసరుకు కూడా తెలియకపోవచ్చు.

మన కేసుల్లో అంతగా కనబడని జంతువులు అక్కడ వస్తాయి. గుర్రం రక్తహీనతలో ఉన్నా రెటిక్యులోసైట్లను (ఇంకా పూర్తిగా ఎదగని ఎర్రకణాలను) బయటికి వదలదు. పక్షి, పాము ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది, యంత్రం లెక్క నమ్మడానికి లేదు. పిల్లి రక్తంలో ప్లేట్‌లెట్లు తేలిగ్గా గుంపుకడతాయి, తక్కువ అని రిపోర్టు రాసే ముందు ఫెదర్డ్ ఎడ్జ్ చూడాలి. గ్రేహౌండుకు పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) మిగతా కుక్కల కంటే సహజంగానే ఎక్కువ. వీటికి విడిగా ఒక నోట్‌బుక్ పెట్టండి.

గైడును మొదటి ఏడాదిలోనే ఖాయం చేసుకోండి. ల్యాబు పేరు కంటే ఆ మనిషి దగ్గర చదివినవాళ్లు ఎంత కాలంలో బయటపడ్డారో చూడండి. ప్రశ్న మీ డ్యూటీలో కనబడిన దానికి దగ్గరగా ఉంటే రెండు పనులు ఒకదానికొకటి సాయపడతాయి. పొద్దున లింఫోమా సూది నమూనా చదివి, మధ్యాహ్నం అదే కణాలను ఫ్లో సైటోమెట్రీలో చూసేవాళ్లకు అలసట తక్కువ. డ్యూటీలో లింఫోమా, ల్యాబులో చేపల హార్మోన్లు అయితే ప్రతిరోజూ మెదడు రెండుసార్లు స్విచ్ మార్చుకోవాలి.

బోర్డు పరీక్ష రెండు దశలు. మొదటి దశ జనరల్ పాథాలజీ, అనాటమిక్ వాళ్లకూ మనకూ ఒకటే, శిక్షణ మధ్యలోనే రాసేయవచ్చు. రెండో దశ మన సబ్జెక్టు. మొదటిసారి పోయిందంటే మళ్లీ రాస్తారు, అలా రాసి పాసైన మంచి పాథాలజిస్టులు చాలామంది ఉన్నారు. ఒంటరిగా చదవకండి. వేరే విశ్వవిద్యాలయాల రెసిడెంట్లతో వారానికో వీడియో కాల్ పెట్టుకుని ఒకరి స్లైడ్లు ఒకరు చదవండి. పాథాలజిస్టుల వార్షిక సమావేశంలో క్లినికల్ పాథాలజీ మిస్టరీ స్లైడ్ల సెషన్ ఉంటుంది. దానికి ఒక కేసు పంపండి, మన దగ్గరి కేసు అయితే ఇంకా మంచిది.

బోర్డు అయిపోయి పూర్తిగా పరిశోధనలోకి వెళ్లాక కన్ను మొద్దుబారుతుంది. ఆరు నెలలు స్లైడు చూడకపోతే మీకే తెలుస్తుంది. వారానికి ఒక పూట రౌండ్స్‌కు వెళ్లే ఏర్పాటు ఉంచుకోండి, జీతం రాకపోయినా సరే. అలాగే ఆ ఏళ్లలోనే పెళ్లి, పిల్లలు, ఇంటి దగ్గర అమ్మానాన్నల ఆరోగ్యం అన్నీ వస్తాయి. సెలవు అడగాల్సి వచ్చినప్పుడు ఆఖరి నిమిషం దాకా దాచుకోకండి, గైడుకు ముందే చెప్పండి. నాన్నకు ఆపరేషన్ అని చెప్పడానికి నేను మూడు వారాలు మొహమాటపడ్డాను. చెప్పిన రోజే మా గైడు డ్యూటీ మార్పించి టికెట్ బుక్ చేసుకోమన్నారు.

తర్వాత ఎటు

డయాగ్నస్టిక్ ల్యాబులు, విశ్వవిద్యాలయాలు, మందుల కంపెనీల టాక్సికాలజీ విభాగాలు, ఈ మూడూ పెద్ద దారులు. తిరిగి రావాలనుకునేవాళ్లకు హైదరాబాద్ ఇప్పుడు చిన్న చోటేమీ కాదు. జీనోమ్ వ్యాలీలో జంతువుల మీద మందుల భద్రతా పరీక్షలు చేసే సంస్థలు, ఐసీఎంఆర్ వాళ్ల జంతు వనరుల కేంద్రం, గచ్చిబౌలిలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యానిమల్ బయోటెక్నాలజీ ఉన్నాయి. 2011 నుంచి మన జీఎల్‌పీ (మంచి ల్యాబు పద్ధతుల ప్రమాణం) పరీక్షల డేటాను ఓఈసీడీ కూటమి దేశాలు ఒప్పుకుంటున్నాయి కాబట్టి ఆ రిపోర్టుల మీద సంతకం పెట్టగల క్లినికల్ పాథాలజిస్టు అవసరం ఇక్కడ నిజంగానే ఉంది.

ఇంకో పని నా మనసులో ఎప్పటినుంచో ఉంది. ఒంగోలు ఆవుకు, పుంగనూరు ఆవుకు, నెల్లూరు గొర్రెకు రక్తం అంకెలు ‘నార్మల్’ అని చెప్పడానికి మనం చాలాసార్లు విదేశీ జాతుల పట్టికే తెరుస్తాం. పద్ధతి ప్రకారం సొంత రెఫరెన్స్ ఇంటర్వల్ (ఆరోగ్యమైన పశువుల విలువల పరిధి) కట్టాలంటే కనీసం 120 ఆరోగ్యమైన పశువులు కావాలి. వయసు, ఈత, పాల దశ రాసి పెట్టాలి, ఒకే పద్ధతిలో రక్తం తీసి ఒకే యంత్రం మీద నడపాలి. రెసిడెన్సీలో నేర్పేది సరిగ్గా ఇదే పని. మీకూ ఇది చేయాలనిపిస్తే విమానం ఎక్కే ముందే మీ కాలేజీ పాథాలజీ విభాగంలో ఒకరితో మాట్లాడి, ఏ ఫారంలో ఏ మంద ఉందో రాసుకుని వెళ్లండి.